సెకండ్స్

ఫ్యాక్టరీ క్వార్టర్స్,
సోమవారం

చిన్నీకి,

అక్క దీవెనలు. నా దస్తూరీ చూసి ఉలిక్కిపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. నీకు రాసి నాలుగేళ్ళయింది. నువ్వూ రాయలేదనుకో. తప్పు ఇద్దరిదీ అని సరిపెట్టుకుందాం, ఆ గొడవ మొదలుపెడితే ఈ కాగితం దానికే చాలదు.

అమ్మ గురించి రాద్దామని కూర్చున్నాను. ఒంట్లో బాగానే ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, మెట్లు ఎక్కుతుంది, దిగుతుంది, పళ్ళు ఇంకా గట్టివే. మతిమరుపే ముదిరింది. పొద్దున తాగిన టీ తాగలేదని పదింటికి పేచీ. మొన్న మీ బావగారిని నిలబెట్టి "మీరు ప్యాకింగ్ సెక్షనా?" అని అడిగింది. ఆయన నవ్వేసి ఆఫీసుకు వెళ్ళారు. పింగాణీ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కప్పులూ సాసర్లూ పరీక్షించిన మనిషి కదా, ఇంకా ఆ బల్ల ముందే కూర్చున్నాననుకుంటోంది.

ఈమధ్య ఒకటే మాట పట్టుకుంది. "రెండోది ఎక్కడ?" అని. వంటింట్లోకి వచ్చి అడుగుతుంది, స్నానానికి వెళ్తూ గుమ్మంలో ఆగి అడుగుతుంది. మొదట నాకు అంతుబట్టలేదు. తర్వాత తట్టింది. ఆవిడకున్న రెండోది నువ్వే కదా.

ఒకసారి రాకూడదూ? పోనీ, అమ్మనే కొన్నాళ్ళు నీ దగ్గరికి పంపమంటావా? ఇంటికి రంగులు వేయిస్తున్నాం, ఆ వాసనకు ఆవిడ దగ్గుతోంది. మా అమ్మాయికి పరీక్షలు. ఆవిడేమో పుస్తకాలు తీసి గోటితో తట్టి చూస్తుంది.

పిన్నిని అడిగానని చెప్పు.

నీ అక్క


వాచీల కొట్టు, మెట్ల కింద,
శనివారం

అక్కకు,

నాలుగేళ్ళు కాదు, అయిదేళ్ళ రెండు నెలలు. బాబాయి పోయినప్పుడు రాశావు, మూడు లైన్లు.

కొట్టు బాగానే ఉంది. ఈ రోజుల్లో వాచీ బాగుచేయించుకునే వాళ్ళు తక్కువ, బ్యాటరీలు మార్పించుకునే వాళ్ళే ఎక్కువ. ఉన్నచోట కూర్చుని చేసే పని కాబట్టి నా కాలికి ఇబ్బంది లేదు. ఇది నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను.

అమ్మ నా కోసం అడుగుతోందంటే నమ్మడం కష్టంగా ఉంది. నేను పిన్నీ బాబాయిల దగ్గరికి వచ్చి నలభై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో అమ్మ ఈ ఇంటికి వచ్చింది నాలుగుసార్లు. వచ్చిన ప్రతిసారీ మొహం కంటే ముందు నా వంకర పాదం వైపు చూసేది. "ఇంకా అలాగే ఉందా?" అనేది. అదీ పిన్నితో, నాతో కాదు.

ఆవిడ రాకపోయినా ఏటా ఒక అట్టపెట్టె వచ్చేది, గుర్తుందా? గడ్డిలో చుట్టిన పళ్ళేలు, కప్పులు. పెట్టె మీద ఎర్ర సిరాతో సెకండ్స్ అని ముద్ర. నాకు ఏడేళ్ళప్పుడు ఆ మాట కూడబలుక్కుని చదివి, అంటే ఏమిటని బాబాయిని అడిగాను. ఆయన కంటికున్న భూతద్దం తీయకుండానే చెప్పాడు. "గంటను మొదటిసారి అరవై ముక్కలు చేస్తే నిమిషం. నిమిషాన్ని రెండోసారి ముక్కలు చేస్తే వచ్చేది సెకండు. ఇంగ్లీషులో రెండోది అని అర్థం. మీ అమ్మ నీకు పెట్టెడు సెకండ్లు పంపింది, పారేసుకోకు" అన్నాడు.

నమ్మాను. స్కూల్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా టీచరు కడుపు పట్టుకుని నవ్వి, క్లాసంతటికీ వినబడేలా అసలు సంగతి చెప్పింది. లోపం ఉండి ఫస్టు రకంలోకి రాని సరుకును సెకండ్స్ అంటారట. ఆ ఏడాదంతా బడిలో నా పేరు అదే. నేను వరండాలో నడిచి వెళ్తుంటే వెనక నుంచి పిలిచేవాళ్ళు.

అందుకే అడుగుతున్నాను. అమ్మ నన్ను ఎప్పుడూ "చిన్నది" అనేది. ఇప్పుడు "రెండోది" అంటోందా? నా పేరేమైనా ఎత్తిందా? ఉన్నదున్నట్టు రాయి.

చెల్లి


ఫ్యాక్టరీ క్వార్టర్స్,
గురువారం

చిన్నీకి,

అబ్బ, ప్లీడరులా ఎన్ని ప్రశ్నలే. రెండోది అంటుంది, చిన్నది అంటుంది, మొన్న పేరు పెట్టి కూడా పిలిచింది. నిన్న సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఎందుకమ్మా అంటే "రెండోది కనపడటం లేదు" అంది. పెద్దదాన్ని నేను పక్కనే ఉండి గుక్కెడు నీళ్ళు అందిస్తుంటే, నాకు లేని పిలుపు నీకు దక్కింది. కొంచెం కుళ్ళుగా కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు.

ఎప్పటివో స్కూలు మాటలు ఇంకా మనసులో పెట్టుకుంటావా? ఆ కాలుతో నువ్వు కొట్టు నడుపుకొస్తున్నావంటే మేమెంత గర్వంగా చెప్పుకుంటామో నీకు తెలియదు. మీ బావగారు ఆఫీసులో అందరికీ చెబుతారు.

ముసలావిడ ఇంక ఎన్నాళ్ళుంటుంది చెప్పు. తర్వాత అయ్యో అనుకుంటే లాభం లేదు. సరే అని ఒక్క ముక్క రాస్తే ఆదివారం మీ బావగారు దింపి వెళ్తారు.

నీ అక్క


వాచీల కొట్టు, మెట్ల కింద,
మంగళవారం

అక్కకు,

సరే.

ముందు గదిలో నా పనిబల్ల జరిపి కిటికీ పక్కన అమ్మకు మంచం వేశాను. బాత్రూములో గోడకు పట్టుకునే కడ్డీ బిగించాం. పిన్ని మంచం మీద దుప్పటి రెండుసార్లు మార్చింది. ఎంతైనా తోడబుట్టిన అక్క వస్తోంది.

టీలో చక్కెర ఎంత వేసుకుంటుంది, ఏ వైపుకు తిరిగి పడుకుంటుంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి బావగారికి ఇయ్యి. నాకు ఒక్కటీ తెలియదు.

రెండోది ఎక్కడ అని ఆవిడ అడిగితే ఇదిగో అని ఎదురుగా నిలబడాలని ఉంది. ఈ వాక్యం రాసి కొట్టేద్దామనుకున్నాను. పోనీ, ఉండనీ.

చెల్లి


వాచీల కొట్టు, మెట్ల కింద,
బుధవారం

అక్కకు,

అమ్మ వచ్చి పది రోజులయింది. బావగారు కారు ఇంజను ఆపకుండానే దింపి వెళ్ళారు. రెండు ట్రంకు పెట్టెలు. చలికాలపు బట్టలు, ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన సర్టిఫికెట్లు, నాన్న ఫోటో, చివరికి ఆవిడ స్టూలు కూడా. కొన్నాళ్ళ కోసం వచ్చే మనిషి నాన్న ఫోటో తెచ్చుకుంటుందా అక్కా? చక్కెర ఎంతో రాసిన కాగితం మాత్రం లేదు.

మొదటిరోజు నేను ఎదురుగా నిలబడ్డాను. "అమ్మా, నేను" అన్నాను. నన్ను దాటి చూసి, "బల్ల ఎక్కడ వేశారు?" అంది. పిన్ని వంటింట్లో పళ్ళేలు కడిగి తెచ్చి పెడితే ఒక్కొక్కటీ తీసుకుంది. గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకుంది. బల్ల మీద పెట్టి, ఊగుతుందేమోనని వేలితో నొక్కింది. మా ఇంట్లో ఊగని పళ్ళెం ఎక్కడిది. అన్నీ ఒకే వైపు పేర్చింది. జాకెట్లోంచి ఒక ఆకుపచ్చ సుద్దముక్క తీసి, అరచేతిలో పెట్టుకుని, నన్ను అడిగింది. "రెండోది ఎక్కడ?"

"ఏ రెండోదమ్మా?"

"ఎర్రది. ఫస్టుకి ఆకుపచ్చ, సెకండ్స్‌కి ఎర్రది. ఎర్రది లేకపోతే గీత ఎలా పెట్టాలి? స్టోర్సు వాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఇంతే."

నీకు తెలుసు. ఆవిడ నీ ఇంట్లో ఇలా అడిగినప్పుడు నువ్వూ "ఏ రెండోది" అని అడిగే ఉంటావు.

అదైనా సర్దుకునేదాన్ని. నిన్న కింద కూర్చుని ఆవిడ కాళ్ళ గోళ్ళు తీస్తున్నాను. వంగి నా పాదం చేతుల్లోకి తీసుకుంది. గోళ్ళు తీయడం ఆపి, కాలు ఇంకాస్త ముందుకు చాపాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది, బొటనవేలితో మడమ మీద వంపంతా తడిమింది. తర్వాత పిన్నితో అంది. "సెకండ్స్. పక్కన పెట్టు."

పిన్ని వచ్చి ఆవిడ చేతుల్లోంచి నా పాదం విడిపించింది.

రంగులు ఆరి ఉంటాయి. ఎప్పుడు తీసుకెళ్తావు?

చెల్లి


కొత్త ఇల్లు, మూడో అంతస్తు,
ఆదివారం

చిన్నీ,

నీ ఉత్తరం పాత ఇంటికి పోయి తిరిగి తిరిగి వచ్చింది. క్వార్టర్స్ ఖాళీ చేశాం. మీ బావగారికి వేరే కంపెనీలో ఉద్యోగం. ఇక్కడ రెండే గదులు. అమ్మను ఎక్కడ పెట్టుకోమంటావు, బాల్కనీలోనా?

అవును, తెలుసు. సుద్దముక్క సంగతి తెలుసు. ఇంకేం రాస్తే నువ్వు ఒప్పుకునేదానివి? పదకొండేళ్ళు చూశాను నేను. నేను బెడ్‌షీటు మార్చినన్నిసార్లు నువ్వు వాచీకి కీ ఇచ్చి ఉండవు. పదిరోజులకే నీకు ఓపిక అయిపోయిందా? మతి లేని మనిషి ఏదో అంటే దానికింత గుండె బాదుకోవడమా?

మతి ఉన్నప్పుడు ఏమందో చెప్పనా? నోరు జారుతున్నాను, జారనీ. పిన్నీ బాబాయీ ఆ రోజు వచ్చింది నీ కోసం కాదు. నా కోసం. నడిచే పిల్ల, మాట వినే పిల్ల అయితే బాగుంటుందని. నాకు ఆరేళ్ళు, బాగా గుర్తుంది. అమ్మ మనిద్దర్నీ భోజనాల బల్ల ఎక్కించి పక్కపక్కన నిలబెట్టింది. నువ్వు నిలబడలేక నా గౌను పట్టుకున్నావు. అమ్మ కొంచెంసేపు చూసి, "ఇది ఫస్టు, దీన్ని ఇవ్వను. సెకండ్స్ అయితే పట్టుకెళ్ళండి, మళ్ళీ తిరిగి తేకండి" అంది. నాన్న నవ్వాడు. నేనూ నవ్వాను. నాకు అర్థమై కాదు, అందరూ నవ్వారని.

ఆ మాట నలభై ఏళ్ళు కడుపులో పెట్టుకున్నాను, నువ్వు బాధపడతావని. నువ్వే బయటికి లాగావు.

అమ్మను ఇప్పట్లో తీసుకెళ్ళలేను.

అక్క


వాచీల కొట్టు, మెట్ల కింద,
శుక్రవారం

అక్కకు,

పిన్నిని అడిగాను. బియ్యం చేట పక్కన పెట్టింది. "నిజమే. పెద్దదాన్ని అడగడానికే వెళ్ళాం. వచ్చేటప్పుడు బస్సులో నువ్వు మీ బాబాయి చొక్కా బొత్తాం నోట్లో పెట్టుకుని నిద్రపోయావు. అప్పటినుంచి మాకు ఇంకో పిల్ల సంగతి గుర్తు రాలేదు" అంది. తర్వాత, "మీ అక్కకు ఆ ముక్క రాయడానికి చేతులెలా వచ్చాయి" అంది.

అమ్మ ఇక్కడే ఉంటుంది. నువ్వు ఊపిరి పీల్చుకో.

నాకు ఉత్తరాలు రాయక్కర్లేదు.


కొత్త ఇల్లు, మూడో అంతస్తు,
బుధవారం

చిన్నీకి,

నాలుగు నెలలు ఆగాను. రాయవద్దన్నావు, అయినా రాస్తున్నాను.

ఆ ఉత్తరం నేను రాయకుండా ఉండాల్సింది. పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి లోపలికి పెట్టి తీద్దామని చూశాను, అందలేదు. మా అమ్మాయి పరీక్ష పాసైంది. ఎవరికి చెప్పాలా అని చూస్తే, చెప్పుకోవడానికి ఈ ఊళ్ళో ఎవరూ లేరు. పొద్దున ఇల్లు ఖాళీ అవుతుంది. అమ్మ ఉన్నప్పుడు ఎప్పుడు నోరు మూసుకుంటుందా అని ఉండేది. ఇప్పుడు కప్పు కడిగి పెడుతుంటే చప్పుడుకి వెనక్కి తిరిగి చూస్తున్నాను.

అమ్మ ఎలా ఉంది? భోజనం సరిగ్గా చేస్తోందా? నన్ను ఎప్పుడైనా అడుగుతుందా? పదకొండేళ్ళు చేసిన మనిషిని, ఎక్కడో ఓ మూల గుర్తుండనా?

ఒక్క కార్డు ముక్క రాయి చాలు.

నీ అక్క


వాచీల కొట్టు, మెట్ల కింద,
సోమవారం

అక్కకు,

అమ్మ బాగుంది.

నిన్ను అడగని రోజు లేదు. "పెద్దది ఎక్కడ?" అంటుంది. పొద్దున టీ గ్లాసు అందుకుంటూ అంటుంది, కొట్టు తలుపు తీసిన చప్పుడు వినబడితే లేచి కూర్చుంటుంది. ఎవరో వాచీ బెల్టు కోసం వచ్చిన ఆవిడ చేయి పట్టుకుని నీ పేరుతో పిలిచింది. నీ పెళ్ళినాటి ఫోటో తలగడ కింద పెట్టుకుంటోంది. నిన్న "నేనేమైనా అన్నానా దాన్ని, అందుకే రావడం లేదా?" అంది.

వీలైతే తొందరగా రా. మతి బాగున్న ఘడియలు తగ్గిపోతున్నాయి.

చెల్లి


కొత్త ఇల్లు, మూడో అంతస్తు,
శనివారం

చిన్నీ,

నీ ఉత్తరం స్టవ్ పక్కన నిలబడి చదివాను. పాలు పొంగి నేలంతా పారాయి, మీ బావగారు వచ్చి స్టవ్ ఆర్పారు. నేను అలా ఏడవడం మా అమ్మాయి ఎప్పుడూ చూడలేదు, బెదిరిపోయింది.

ఆవిడ నన్ను ఏమీ అనలేదని చెప్పు. నేనే అన్నాను. ఒకసారి విసుగెత్తి, "నువ్వు పోతే గాని నాకు విముక్తి లేదు" అన్నాను. ఆ రోజు ఆవిడకు బాగానే అర్థమైంది, మొహం చూస్తే తెలిసింది. ఈ సంగతి మీ బావగారికి కూడా తెలియదు. వచ్చి కాళ్ళు పట్టుకుంటాను. ఆవిడ ఆ మాట మనసులో పెట్టుకుని పోతే నేను బతకలేను.

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. ఈసారి నాతో తీసుకొచ్చేస్తాను. బాల్కనీకి అద్దాలు బిగించమని మీ బావగారితో పోట్లాడి ఒప్పించాను. ఊలు శాలువా ఒకటి అల్లుతున్నాను, బస్సులో పూర్తవుతుంది. నేను వస్తున్నానని అమ్మతో రోజూ చెబుతూ ఉండు.

నువ్వు మంచిదానివి చిన్నీ. నేను నీకు చేసినదానికి నువ్వు ఇలా రాస్తావనుకోలేదు.

నీ అక్క


వాచీల కొట్టు, మెట్ల కింద,
మంగళవారం

అక్కకు,

ఇది నువ్వు బయలుదేరే లోపు అందాలని మనిషి చేత పంపుతున్నాను.

అమ్మ లేదు. పోయి నలభై మూడు రోజులయింది. నువ్వు నాలుగు నెలలాగి రాసిన ఉత్తరం వచ్చేసరికి పందొమ్మిది రోజులు. జరగాల్సినవన్నీ నేనూ పిన్నీ జరిపించాం. నీకు కబురు పెట్టమని పిన్ని మూడుసార్లు చెప్పింది. పెట్టానని అబద్ధమాడాను. "పెద్దది ఎక్కడ" అని రాసిందంతా నేను కల్పించింది. ఒక్కసారి కూడా నిన్ను అడగలేదు. ఫోటో తలగడ కింద లేదు, ట్రంకులోనే ఉంది. నువ్వు నాకు రాసినట్టే నేనూ నీకు రాశాను. రాస్తున్నప్పుడు హాయిగా ఉంది. నీ జవాబు చదివాక లేదు.

ఆవిడ ఎలా పోయిందో కూడా చెప్పాలి. పిన్ని చెబితే ఇంకోలా ఉంటుంది, నేనే చెబుతాను.

నీ భోజనాల బల్ల ఉత్తరం వచ్చాక నాకు పిచ్చి పట్టినట్టయింది. రోజూ సాయంత్రం నాలుగింటికి అమ్మ టీ అడుగుతుంది. నేను టీ కలిపి, అందనంత దూరంలో పెట్టి, కుర్చీలో కూర్చుని నా పాదం ఆవిడ ఒళ్ళో పెట్టేదాన్ని. "ఇదేమిటో చూసి చెప్పు" అనేదాన్ని. తిప్పి చూసి "సెకండ్స్" అనేది. "కాదు, ఫస్టు అను. అంటేనే టీ." అనేది కాదు. "వంపు ఉంది మేడమ్, కనపడుతోంది కదా" అని నాకు నచ్చజెప్పేది. నన్ను కొత్తగా వచ్చిన సూపర్‌వైజరనుకుంది. టీ చల్లారిపోయేది. పారబోసేదాన్ని. పన్నెండు రోజులు అలా చేశాను. పిన్ని దొంగచాటుగా టీ ఇస్తోందని తెలిసి వంటింటికి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. ఇంత వయసు వచ్చిన నేను, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషితో.

పదమూడో రోజు ఆవిడ పాదం ముట్టుకోలేదు. టీ గ్లాసు వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. తల వంచుకుని "ఫస్టే" అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మేనేజర్లు ఎంత ఒత్తిడి పెట్టినా ఒక్క పగులు కప్పును దాటనివ్వలేదని ఆవిడ సర్టిఫికెట్లో రాసి ఉంది. గ్లాసు చేతికిచ్చాను. తాగుతుంటే మెడ మీదంతా ఒలికింది.

నాకు కావలసింది అదే. వచ్చింది. ఏం చేసుకోవాలో తెలియలేదు.

మర్నాటి నుంచి పళ్ళేలు ముందు పెడితే తట్టి చూడటం మానేసింది. చెవి దగ్గర పెట్టుకోలేదు. ఏది చేతికిచ్చినా, చెంచా ఇచ్చినా, సబ్బు ఇచ్చినా, నా మొహం చూసి గబగబా "ఫస్టే, ఫస్టే" అనేది. పిన్ని పగిలిన సాసరు ఒకటి తెచ్చి, "అక్కా, ఇది పగిలింది చూడు" అని బతిమాలింది. అమ్మ నా కోసం చుట్టూ చూసి "ఫస్టే" అంది. తిండి తగ్గిపోయింది. రెండున్నర నెలలకి జ్వరం వచ్చింది. డాక్టరు వయసు అన్నాడు. ఆఖరి రోజు దుప్పటి సర్దుతుంటే నా చేయి చూసి ముడుచుకుపోయింది.

నేను కొట్టలేదు, తిట్టలేదు. చూసిన వాళ్ళెవరూ నన్ను తప్పుపట్టరు. పిన్ని తప్ప. పిన్ని నాతో మాట్లాడి నెల దాటింది. వండి మూత పెట్టి తన గదిలోకి వెళ్ళిపోతుంది. ఆవిడ నన్ను బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని తెచ్చుకున్న రోజుకి ఇప్పుడు చింతిస్తోందేమో, అడగడానికి ధైర్యం లేదు.

నువ్వన్న మాటకు అమ్మ కాళ్ళు పట్టుకోవాలని బయలుదేరుతున్నావు. నీకు ఆ అవకాశం లేకుండా చేసింది నేను, కావాలనే చేశాను. నాకూ లేదు.

శుక్రవారం వస్తే రా, తలుపు తీస్తాను. రాకపోయినా నేనేమీ అనుకోను. అనాలనుకున్నది మాత్రం ఎదురుగా అను. ఉత్తరం రాస్తే విప్పను.

చెల్లి